మరియమ్మ కొండ మెట్లు

2002 ఆగస్టులో, బొమ్మనహళ్ళి అవతల, ఏసు తల్లి గుడి ఉన్న మరియమ్మ కొండ మెట్లు మార్చాలని గుడి కమిటీ తీర్మానించింది. నూరేళ్ళుగా యాత్రికులు ఎక్కీ దిగీ ఆ నలభై రెండు మెట్లూ నున్నగా అరిగిపోయాయి. కిందటి సెప్టెంబరు పండుగనాడు వానలో ముగ్గురు జారిపడ్డారు. పాత రాళ్ళు పెకలించి పాలిష్ గ్రానైటు పరిచే పని వెంకటగిరియప్పకు అప్పగించారు.

అరవై ఏళ్ళ రాతిపనివాడు అతను. మొదటి మెట్టు కింద గడ్డపార దూర్చి, మళ్ళీ తీసి పక్కన పెట్టేశాడు. నేరుగా ఆ గుడి ఫాదరు, విచారణ గురువు ఇన్నయ్య దగ్గరికి వెళ్ళాడు.

"ఈ పని నా చేత కాదు సామీ. ఇవి మా తాత చెన్నరాయప్ప కొట్టిన మెట్లు."

రిటైరైన టీచరు శౌరమ్మ అక్కడే కూర్చుని, యాత్రికుల కోసం కొండ చరిత్రను తెలుగులో రాస్తోంది. ఆమె తలెత్తింది. "రికార్డుల్లో గుడి కట్టించిన ఫాదరు పేరే ఉందండీ. రాయి కొట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు."

"ప్లేగు వచ్చినప్పుడు మావాళ్ళు ఊరిడిచి ఈ బండ కింద గుడిసెలేసుకున్నారమ్మా. దగ్గరికొచ్చే దిక్కు లేదు. సిస్టరమ్మలే గంజి తెచ్చి పోసినారు. రోగం తగ్గినంక మా తాత, ఇంకా ఆరుమంది, ఎవురూ అడక్కనే తల్లి బొమ్మ దాకా మెట్లు కొట్టినారు."

"మరి జనం జారిపడుతున్నారు కదప్పా?" అన్నాడు ఇన్నయ్య.

"పాలిష్ రాయి ఇంకా జారతాది సామీ. ఈ రాయి గట్టిగానే ఉండాది. రోలుకు గాట్లు పెట్టినట్ల ఉలితో గరుకు చేస్తా. ముందు ఒక మెట్టు చేస్తా, నీళ్ళు పోసి నడిచి చూడండి."

మర్నాడు ఇన్నయ్య చెప్పులు విప్పి, ఆ మెట్టు మీద బిందెడు నీళ్ళు పోయించి, రెండుసార్లు ఎక్కి దిగాడు. "కానివ్వప్పా" అన్నాడు.

మూడు వారాలు ఉలి చప్పుడు ఆగలేదు. చరిత్రలో రాయడానికి శౌరమ్మ మెట్లు కొట్టిన ఏడుగురి పేర్లూ అడిగితే, వెంకటగిరియప్పకు అయిదే గుర్తున్నాయి. మిగతా రెండింటి కోసం శౌరమ్మ అతన్ని ఆటోలో ఎక్కించుకుని కొండ వెనక పల్లెకు వెళ్ళింది. అక్కడ తొంభై ఏళ్ళ నాగమ్మ ఆ రెండూ గుర్తు తెచ్చుకుని చెప్పింది.

పండుగనాడు వాన పడింది. వేలమంది తడి కాళ్ళతో ఎక్కారు. ఒక్కరూ జారలేదు. పూజ అయ్యాక శౌరమ్మ మైకులో కొండ చరిత్ర చదివింది. ఏడు పేర్లూ ఒక్కొక్కటిగా పలికింది.

వెనక నిలబడ్డ వెంకటగిరియప్ప, తాత పేరు వినగానే తలపాగా సర్దుకుని నిటారుగా నిలుచున్నాడు. "మా తాత" అన్నాడు పక్కనున్న కుర్రాడితో. కుందలహళ్ళి నుంచి వచ్చిన కంప్యూటరు ఇంజినీరు అతను.

"మీరూ క్రైస్తవులేనా?" అని అడిగాడా కుర్రాడు.

"కాదప్పా. ఈ మెట్లు కొట్టినోళ్ళం."