రావమ్మ హస్తవాసి

కోడూరు నుంచి హంసలదీవి వెళ్ళే రోడ్డు పక్కన రావమ్మ ఇల్లు. పెరట్లో ఇరవై బాతులు, డజను కోళ్ళు, అన్నిటి మీదా పెత్తనం ఆవిడదే. బాతులు గుడ్లు పెట్టడంలో ఎంత చురుకో పొదగడంలో అంత బద్ధకం. అందుకే వాటి గుడ్లను గంపలో పేర్చి కోడిపెట్ట కింద పెడతారు. రావమ్మ చేత్తో పేరిస్తే ఒక్కటీ మురగదని నాలుగూళ్ళలో పేరు. హస్తవాసి డాక్టర్లకే కాదు, రావమ్మకీ ఉందని చెప్పుకుంటారు. చెప్పినవాళ్ళు మర్చిపోయినా ఆవిడ మర్చిపోదు.

పశువుల ఆసుపత్రిలో పనిచేసే భవిత ఆరు నెలల కిందట ఆవిడకో డబ్బా గ్లవ్స్ తెచ్చిచ్చింది. బాతుల్ని పట్టుకునేటప్పుడు ఇవి వేసుకోమంది. గీరుకుంటే వెంటనే సబ్బుతో కడగమంది, చేతికి దెబ్బ ఉంటే మడుగు నీళ్ళలో పెట్టొద్దంది. రావమ్మ బుద్ధిగా తలూపింది. ఆ పిల్ల స్కూటీ మలుపు తిరగ్గానే ఒక గ్లవ్ తీసి ఆవకాయ జాడీ మూతికి బిగించింది. మధ్యలో రబ్బరు అడ్డం పెడితే హస్తవాసి గుడ్డుకెలా తగులుతుందని ఆవిడ వాదన. చెబితే వినే మనిషైతే ఈ కథే లేదు.

ఒకరోజు మగబాతు కుంటుతోంది. చూస్తే అరికాల్లో గడ్డ. రావమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని ఉత్త బొటనవేలితో నొక్కి చీము తీసింది. నొప్పెడితే బాతు మాత్రం ఊరుకుంటుందా, గోరుతో ఆ బొటనవేలే గీరేసింది. బాతు కాలికి పసుపు అద్ది, చేతికంటిన ఆ మిగిలిన పసుపే తన గీరుకీ పూసుకుంది. పైన గుడ్డపీలిక చుట్టి, సాయంత్రం దాకా బాతుల మడుగులో నాచు తీసింది.

మర్నాటికి వేలు ఎర్రబడింది. మూడోనాటికి ఊదారంగు తిరిగి వంకాయలా వాచింది. డాక్టరుకి చూపించుకుందాం పద అని భర్త శోభనాద్రి బతిమాలితే, ఇన్ని ఊళ్ళ గుడ్లు పొదగేసిన చెయ్యి, దీనికేమవుతుందని కసిరేసింది. నాలుగోనాడు జడ వేసుకుందామని చెయ్యెత్తితే, మణికట్టు నుంచి మోచేతి దాకా ఎర్రటి చార కనబడింది. పొద్దున లేదది. తన ఒంట్లో తనకి తెలియకుండా ఏదో నడుస్తోంది. రావమ్మ దువ్వెన అక్కడే పడేసి వెళ్ళి శోభనాద్రి బండెక్కింది.

అవనిగడ్డ ఆసుపత్రిలో చేర్చుకుని, డాక్టరు వేలికి గాటు పెట్టి చీము తీసి శుభ్రం చేశాడు. చేతికి ప్రమాదం లేదు గానీ, వేలు దక్కేదీ లేనిదీ రెండు రోజులు పోతేగానీ చెప్పలేనన్నాడు. ఆ రెండు రోజులూ రావమ్మకి నిద్ర లేదు. బొటనవేలు లేని చేతికి గుడ్డు పట్టే వీలే ఉండదు, ఇంక హస్తవాసి ఎక్కడిది?

అదే సమయంలో ఇంటి దగ్గర ఒక కోడిపెట్ట పొదగడానికొచ్చి, గంప వదలకుండా కూర్చుంది. పొరుగూరి సీతామహాలక్ష్మి పొదిగించమని ఇచ్చి వెళ్ళిన పదకొండు బాతుగుడ్లు అప్పటికే వారం నిలవ. ఇంకా ఆగితే పాడైపోతాయి. చూడ్డానికొచ్చిన భవిత, వాటిని పెట్ట కింద తను పెడతానంది.

"ఆ తొడుగులేసుకునా?" అంది రావమ్మ.

"వేసుకునేనండీ."

రావమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అవి మురిగితే పోయేది తన పేరే, ఆ పిల్లది కాదు.

వేలు దక్కింది. అయిదో రోజున ఇంటికి పంపారు. గాయం పూర్తిగా మానేదాకా తడి తగలకూడదన్నారు, కోళ్ళ దగ్గరికి వెళ్ళకూడదన్నారు. ఎదురు చెప్పడం చేతకానిదానిలా రావమ్మ అన్నిటికీ సరేనంది. శోభనాద్రి విస్తుపోయాడు.

పొదగేసిన ఇరవై అయిదో రోజున గుడ్లు చూసుకోవాలి. లోపల పిల్ల బతికుందో లేదో తెలియాలంటే గోరువెచ్చటి నీళ్ళలో వదలాలి, బతికుంటే గుడ్డు కదులుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నా రావమ్మ ఎన్నడూ కళ్ళతో చూడలేదు, గుడ్డు మీద వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, తాకిడితోనే చెప్పేసేది. ఇవాళ బేసిన్ ముందు కూర్చుంది భవిత. కట్టు విప్పినా గాయం ఇంకా మానలేదు గనక రావమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. చూడ్డం తప్ప ఆవిడ చెయ్యగలిగింది లేదు.

గుడ్లన్నీ తేలి నిలకడ పట్టాయి. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు, గాలి లేదు. ఒక గుడ్డు ఉలిక్కిపడింది. చుట్టూ సన్నటి అల లేచింది. పక్కది కదిలింది, దాని పక్కది కదిలింది. పది కదిలాయి. పదకొండోది ఊరికే తేలుతోంది. రావమ్మ బేసిన్ మీదకి వంగింది. ఎంతసేపయిందో, అది కూడా గిర్రున పక్కకి తిరిగింది.

రావమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా తను పోస్తున్నాననుకున్న ప్రాణం ఇదా! పెంకు లోపల చీకట్లో, ఎవరి చెయ్యీ అడక్కుండా, తనంతట తానే ఈదుతోంది. ఆవిడ తన బొటనవేలు చూసుకుంది. కోసినచోట పల్చటి గులాబీరంగు చర్మం పూడుకొస్తోంది. దానికీ తను చేసిందేమీ లేదు. 

మూడు రోజులకి పదకొండు పిల్లలూ పెంకు పగలగొట్టుకు వచ్చాయి. వారం పోయాక వాటిని తీసుకెళ్ళడానికి సీతామహాలక్ష్మి మళ్ళీ గుడ్లతో వచ్చింది. రావమ్మ లోపలికి వెళ్ళి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, డబ్బాలోంచి గ్లవ్స్ తీసి తొడుక్కుంది.

"అదేంటి వదినా, ఉత్త చేత్తో పెట్టు. నీ హస్తవాసి కోసమే కదా ఇంత దూరం వచ్చింది," అని సీతామహాలక్ష్మి మొహం చిన్నబుచ్చుకుంది.

రావమ్మ మొదటి గుడ్డుని గంపలో ఊక మీద మెల్లగా ఆనించింది.

"వాసి అంతా గుడ్డులోనే ఉంది వదినా. చెయ్యి మాత్రం నాకు కావాలి," అంది.