నీడ ఎత్తు

టేపు మేడం రోజు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ఆరున్నరకల్లా హాస్టల్ గదికి తాళం వేసి, ముప్పై మీటర్ల టేపు, మీటరు కర్ర, అట్టకి బిగించిన కాగితాలు, మంచినీళ్ళ సీసా జీపులో సర్దుకునేది. పెన్నులు రెండు. ఒకటి మొరాయిస్తే రెండోది. ఆమె పని పురావస్తు శాఖలో కొలతలు తీయడం. ఊళ్ళ వెంట తిరిగి, పొలాల్లోనూ గుట్టల మీదా మిగిలిన పాత గుళ్ళని కొలిచి, గుడికో ఫారం నింపాలి. ఫారంలో మొదటి గడి ‘కట్టడం ఉంది’. రెండో గడి ‘కట్టడం లేదు’. ఉంటే ఎత్తు రాయాలి. లేకపోతే కూలిపోయిందని రాసి సంతకం పెట్టాలి. అంతే, చిన్నపిల్లలు కూడా నింపగలిగిన ఫారం. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ, ఊళ్ళవాళ్ళకీ జీపు డ్రైవరుకీ ఆమె టేపు మేడమే.

రెండు వారాల్లో పద్దెనిమిది గుళ్ళు అయిపోయాయి. ఒకదానికి గోడలున్నాయి, కప్పు లేదు. ఒకదానికి గుమ్మం ఒక్కటే నిలబడి, ఇంట్లోవాళ్ళంతా వెళ్ళిపోయినా మర్యాద మానని పెద్దమనిషిలా వచ్చేపోయేవాళ్ళని చూస్తోంది. వాటన్నిటితో ఏ పేచీ లేదు. పందొమ్మిదో గుడి దగ్గర కథ అడ్డం తిరిగింది.

ఆ గుడికి నీడ మాత్రమే ఉంది.

ఈ సంగతి పాత ఫైల్లో రాసే ఉంది కాబట్టి ఆమె ఆశ్చర్యపోలేదు. ఊరిని ఆనుకున్న పొలాల మధ్య నలుపలకల రాతి అరుగు. దాని మీద ఏమీ లేదు, గాలి తప్ప. పొద్దున పూట ఆ అరుగుకి పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు, గోడలూ గోపురంతో సహా గుడి నీడ పరుచుకుంటుంది. ఊళ్ళో దర్జీ తన కుట్టు మిషనుకి చక్రాలు పెట్టించుకున్నాడు. నీడ ఎటు జరిగితే అటు తోసుకుంటాడు. అరుగు పక్కింటామె మాత్రం ఆ నీడ వల్ల బట్టలు ఆరవని రోజూ సణుగుతుంది. అంతకు మించి ఆ నీడ గురించి ఎవరూ ఏమీ అనుకోరు.

అరుగు పక్కన రేకుల గది ఒకటి. అందులో కాపలా పెద్దమ్మ ఉంటుంది. ఇరవయ్యారేళ్ళుగా ఆ స్థలానికి కాపలా ఆవిడే. జీతం శాఖది, గదీ శాఖదే.

“కూర్చోమ్మా. ఈసారి మళ్ళీ కొలుస్తారా?” అంది పెద్దమ్మ నీళ్ళ చెంబు అందిస్తూ.

“ఈసారి కొలిచి తేల్చేయమన్నారు పెద్దమ్మా. ఉందో లేదో.”

“లేదని రాస్తే?”

టేపు మేడం నీళ్ళు తాగడం ఆపింది. అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. “లేదని రాస్తే ఈ స్థలం జాబితాలోంచి పోతుంది. చదును చేసి గిడ్డంగి కడతారట. కాపలా పని ఉండదు. గది కూడా...”

“ఓహో,” అంది పెద్దమ్మ. చెంబు తీసుకుని, మిగిలిన నీళ్ళు మొక్కకి పోసింది. “నాకు ఇంకో గది లేదు తల్లీ. అది నీ ఫారంలో రాసే చోటుంటే రాయి.”

ఫారంలో అలాంటి చోటు లేదు.

సరే, ఉన్నదాని ఎత్తు కొలవడం ఎలాగో ఆమెకి తెలుసు. ఇది తేలిక లెక్క. మీటరు కర్రని నిటారుగా పాతామనుకోండి. దాని నీడ అర మీటరు పడింది. అదే సమయానికి పక్కనున్న స్తంభం నీడ అయిదు మీటర్లుంది. అంటే స్తంభం పది మీటర్లన్నమాట. నీడలు పొద్దుతో పాటు పెరుగుతాయి, తరుగుతాయి. వస్తువు ఎత్తు మాత్రం మారదు. అందుకే ఏ వేళ కొలిచినా జవాబు ఒకటే రావాలి.

ఎనిమిదింటికి కొలిస్తే గోపురం తొమ్మిది మీటర్ల ఇరవై వచ్చింది. పదింటికి తొమ్మిదిన్నర. సాయంత్రం నాలుగింటికి పది దాటింది.

ఆమె టేపుని విప్పి చూసింది, ఎక్కడైనా సాగిందేమోనని. కర్రని తిరగేసి కొలిచింది. కాగితం మీద గుణించినవన్నీ మళ్ళీ గుణించింది. పాత ఫైలు తెరిస్తే మతి ఇంకా పోయింది. ఎనిమిదేళ్ళ కింద వచ్చిన ఉద్యోగి ఆరు మీటర్లని రాసి సంతకం పెట్టాడు. అంతకు ముందాయన రెండున్నర అన్నాడు.

“ఇద్దరూ చెట్టుకింద కూర్చుని కాకిలెక్కలు వేసుంటారు మేడం,” అన్నాడు డ్రైవరు, జీపు బానెట్‌కి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటూ.

“మరి నా లెక్క బాబాయ్? ఒక్క రోజులో మూడు జవాబులు.”

“మీది కాకిలెక్క కాదు లెండి. మూడు కాకుల లెక్క.”

ఆమెకి నవ్వు రాలేదు. ఆ పూట అధికారికి ఫోను చేసింది. సారు మంచివాడే, కాకపోతే ఏ మాటనైనా రెండు గడుల్లో ఒకదాంట్లో వేసేదాకా నిద్రపట్టని మనిషి.

“ఎత్తు తేలట్లేదు సార్.”

“ఎత్తెందుకమ్మా, నీడకి? కట్టడం ఉందా, లేదా?”

“నీడ అయితే ఉంది సార్.”

“నీడని జాబితాలో పెడితే రేపు ఎవడో వచ్చి వెన్నెలకి కూడా కంచె వెయ్యమంటాడు. కూలిపోయిందని ఫారం నింపి ఉంచు. రేపు పొద్దున నేనే వచ్చి చూసి సంతకం పెడతా.”

మర్నాడు ఏడున్నరకే ఆమె అరుగు దగ్గరుంది. కొలిస్తే పది మీటర్ల ఎనభై. చేతిలో కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెద్దమ్మ చీపురుతో అరుగు ఊడుస్తూ అటు వచ్చింది.

“నిన్నటికంటే పెరిగింది కదూ?” అంది.

“నీకెలా తెలుసు?”

“ఎందుకు తెలీదు? నేను కాపలాకి వచ్చినప్పుడు నా భుజం దాకా ఉండేది. దర్జీ పడుకుంటే కాళ్ళు ఎండలో ఉండేవి.”

“మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?”

“ఎవరడిగారమ్మా? వచ్చినవాళ్ళంతా ఎంతుందని కొలుచుకుపోయారు. పెరుగుతోందా అని ఒక్కరూ అడగలా.” పెద్దమ్మ చీపురుతో నేల మీద నీడ అంచు చూపించింది. “అటు చూడు.”

టేపు మేడం వంగి చూసింది. గోపురం నీడ కొసన, చీమల బారులా చిన్నచిన్న నీడలు కదులుతున్నాయి. తట్టలు నెత్తిన పెట్టుకుని ఎక్కేవాళ్ళు, ఖాళీ తట్టలతో దిగేవాళ్ళు, కూర్చుని రాయి చెక్కే ఒకాయన. పక్కన కొయ్య పరంజా. ఆమె చూస్తుండగానే ఒక రాయిని నలుగురు పట్టి ఎత్తి పెట్టారు. నీడ వేలెడు పొడుగు సాగింది.

“ఏడాదికి ఓ జానెడో మూరెడో కట్టేవాళ్ళు. కూర్చుంటారు, లేస్తారు, మళ్ళీ కూర్చుంటారు,” అంది పెద్దమ్మ. “నువ్వొచ్చాకే పని ఇలా పుంజుకుంది. టేపు పట్టుకుని మనిషి నెత్తిన నిలబడితే ఏ మేస్త్రీ మాత్రం ఖాళీగా కూర్చుంటాడు?”

ఆమె ఒక్క క్షణం టేపుని చుట్టేసింది. పరంజా మీద తట్టలు ఆగాయి. ఇద్దరు కూర్చున్నారు కూడా. మళ్ళీ విప్పింది. లేచారు.

అయితే పాత ఫైల్లో ఇద్దరూ నిజమే రాశారు. ఆరు నిజం, రెండున్నరా నిజం. తను వేసిన జవాబులన్నీ నిజమే. ఇన్ని నిజాలని ఒక్క గడిలో ఎలా ఇరికించాలి? పాత గుళ్ళని కొలవడానికి వచ్చిన తను ఇప్పుడు ఇంకా కట్టని గుడిని కొలుస్తోందా? ఇది గడిచిపోయిన గుడా, రాబోయే గుడా? ఆలోచించినకొద్దీ దారపు ఉండ పిల్లి చేతిలో పడ్డట్టయింది.

తొమ్మిదింటికి సారు దిగాడు. ఎండకి కళ్ళు చికిలించుకుంటూ నేరుగా నీడలోకి వచ్చి, దర్జీ ఇచ్చిన స్టూలు మీద కూర్చున్నాడు.

“హాయిగా ఉందమ్మా. ఏదీ, ఫారం?”

ఫారం ఖాళీగా ఉంది.

“నింపలేకపోయాను సార్. కూలిపోయిందని రాయమన్నారు. అది ఇంకా పూర్తే కాలేదు.”

“ఏది?”

ఆమె నీడ కొసని చూపించింది. సారు కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు.

“పని జరుగుతున్నట్టుందే.”

“అవును సార్.”

“ఎవరి అనుమతితో?”

“వాళ్ళ అనుమతులు వాళ్ళకుంటాయిగా బాబూ,” అంది పెద్దమ్మ. “మీ ఆఫీసు పుట్టకముందు మొదలెట్టిన పని.”

సారు ఫారం చేతిలోకి తీసుకుని మొదటి గడి చూశాడు, రెండో గడి చూశాడు. “చూడమ్మా, లేదని ఒక్క టిక్కు పెట్టేస్తే నాకూ నీకూ తలనొప్పి ఉండదు. కట్టడం కంటికి కనపడట్లేదు కదా?”

“కనపడని మాట నిజమే సార్. అది రాయమంటే రాస్తాను. కానీ లేదంటే, కింద ‘కూలిపోయింది’ అని కూడా రాయాలి. కట్టడం పూర్తికానిది ఎలా కూలుతుంది? నా కళ్ళతో చూసింది కాకుండా నేనెప్పుడూ సంతకం పెట్టలేదు.” ఆమె పెన్ను తీయలేదు.

పెద్దమ్మ చీపురు గోడకి ఆనించి, తన గది గుమ్మంలో నిలబడింది.

“పోనీ, ఎంత కట్టారో అదైనా చెప్పు,” అన్నాడు సారు చివరికి. “ఏదో ఒక అంకె లేకుండా ఆఫీసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

టేపు మేడం టేపు కొస అరుగు మధ్యన మేకుకి తగిలించి, గోపురం నీడ చివరిదాకా నడిచి, అక్కడ నిలబడి చదివింది. పొద్దుటి ఎండ వీపున పడుతోంది. గోపురం కొస దగ్గరే ఆమె పాదాలు, అక్కడినుంచి ముందుకి ఆమె నీడ. చూసేవాళ్ళకి ఆమె గోపురం చిట్టచివర ఎక్కి నిలబడ్డట్టే ఉంది. కర్ర నీడతో లెక్కగట్టి, “పదకొండు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు సార్, ఇప్పటికి,” అంది. అని టేపు చుట్టుకుంటూ వెనక్కి వచ్చేసింది.

ఆమె వచ్చింది కానీ ఆమె నీడ రాలేదు.

అది గోపురం మీదే నిలబడి ఉంది. ఒక చేత్తో టేపు, ఇంకో చేయి నడుముకి. కింద తట్టల బారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. రాళ్ళు చకచకా ఎక్కుతున్నాయి. నీడ ఎవరికో ఏదో చూపిస్తూ వేలు ఆడించింది. ఆ చెక్కే పెద్దాయన తల ఊపాడు.

“మీదే కదూ మేడం?” అన్నాడు డ్రైవరు.

“నాదే బాబాయ్.” ఆమె తన కాళ్ళ కింద నేల వంక చూసుకుంది. ఎండ తప్ప ఏమీ లేదు. కాస్త తేలిగ్గా ఉన్నట్టుంది, కాస్త వెలితిగా ఉన్నట్టుంది. ఏది ఎక్కువో తేలలేదు.

సారు మొహం మాత్రం తేటపడింది. ఎన్నాళ్ళుగానో ఆయన వెతుకుతున్న దారి దొరికినట్టుంది. “మన మనిషి డ్యూటీలో ఉన్న స్థలాన్ని జాబితాలోంచి మనమే ఎలా కొట్టేస్తాం?” అంటూ పెన్ను తీసి, రెండు గడుల మధ్యనున్న గీత మీదే రాశాడు: ‘పని జరుగుతోంది. మా ఉద్యోగి పర్యవేక్షణలో ఉంది. కాపలా కొనసాగించాలి.’ కింద సంతకం పెట్టి, టేపు మేడంతో, “నువ్వు సగం ఇక్కడుండి సగం తిరుగుతానంటే హాజరు పట్టీలో నేనెలా వేయను? పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండు. ఆర్డరు పంపిస్తా,” అన్నాడు.

“ఎప్పటికి పూర్తవుతుంది సార్?”

“అది నీ నీడని అడగాలమ్మా, నన్నడిగితే?”

వారం తిరక్కుండానే ఆర్డరొచ్చింది. డ్రైవరు ఆమె పెట్టె దింపి, మిగిలిన గుళ్ళ జాబితా కొత్తగా వచ్చే మనిషి కోసం వెనక్కి పట్టుకుపోయాడు. పెద్దమ్మ తన మంచం గోడ వైపు జరిపి, ఇంకో మంచానికి చోటు చేసింది. ఒక్కదానికే సరిపోదనుకున్న గది ఇద్దరికీ సరిపోయింది, అదెలాగో ఇద్దరికీ అర్థం కాలేదు.

టేపు మేడం గుమ్మంలో కూర్చుని చూసింది. నేల మీద గోపురం ఇంకో మూరెడు లేచింది. పైన తన నీడ ఎండలో నిలబడి, ఇటు తల కూడా తిప్పకుండా, ఎవరినో గట్టిగా కోప్పడుతున్నట్టుంది. తను జీవితంలో ఎవరినీ అలా కోప్పడి ఎరగదు.

“ఏమ్మా,” అంది పెద్దమ్మ లోపలినుంచి గిన్నెలు సర్దుతూ. “అన్నానికి మీ ఇద్దర్లో ఎవర్ని పిలవను?”

ఆమె గుమ్మంలోంచి కాస్త పక్కకి జరిగి, లోపలికి దారి ఇచ్చింది.

“ఇద్దర్నీ పిలువు పెద్దమ్మా. ఎవరికి ఆకలేస్తే వాళ్ళొస్తారు.”