ఏడో బుట్ట

మంగళవారం ఉదయం నుంచి రత్నావళి ఏడో బుట్టలో ఉంటోంది. ఆవిడ పోయి పదకొండు నెలలైంది కాబట్టి కాలనీలో ఎవరూ అభ్యంతరం చెప్పరు. బుట్టలకి కుక్కల్ని కట్టకూడదనీ, తడిబట్టలు ఆరెయ్యకూడదనీ అసోసియేషన్ నిబంధనల్లో ఉంది. భార్యల గురించి ఏమీ లేదు.

ఈ సంగతి ముందు తెలిసింది ఆవిడ భర్త ముక్తేశ్వరరావుకే. ఆయన నీటిపారుదల శాఖలో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. కాకినాడ పక్కన మహోదయ కాలనీలో ఉంటాడు. అక్కడ ఇళ్ళకంటే ఖాళీ స్థలాలే ఎక్కువ. కొన్నవాళ్ళకి వాస్తు కుదరక అలా వదిలేశారు. ఊరికే పిచ్చిమొక్కలు మొలవడం దేనికని అసోసియేషన్ వాళ్ళు అందులో డిస్క్ గోల్ఫ్ కోర్సు వేశారు.

పేరు పెద్దదే గానీ ఆట తేలికే. సిమెంటు అరుగు మీద నిలబడి పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కు విసరాలి. దూరంగా ఒక స్తంభం, దానికి వేలాడే ఇనుప గొలుసులు, వాటి కింద బుట్ట. డిస్కు గొలుసులకి తగిలి బుట్టలో పడాలి. పడకపోతే, ఎక్కడ ఆగిందో అక్కణ్ణించి మళ్ళీ విసరాలి. అలాంటి బుట్టలు పద్దెనిమిది. అన్నీ కలిపి తక్కువ విసుర్లలో ముగించినవాడు గెలిచినట్టు.

కొత్త గొలుసులు పాడైపోతాయని పద్దెనిమిదింటికీ ప్లాస్టిక్ కవర్లు తొడిగి ఉంచారు. సోమవారం గాలికి ఏడోదాని కవరు ఎగిరిపోయింది. మంగళవారం ముక్తేశ్వరరావు విసిరిన డిస్కు ఆ గొలుసులకి తగలగానే, రత్నావళి బొడ్డున దోపుకునే తాళాలగుత్తి చప్పుడైంది. ఆ వెంటే ఆవిడ గొంతు.

"వంటింట్లో ట్యూబ్‌లైటు కొట్టుకుంటోందండీ. కాస్త చూడరాదూ."

ముక్తేశ్వరరావుకి ఈ మాట తెలుసు. పెళ్ళయిన మూడో నెలలో అన్నది. అప్పుడాయన చెప్పులు వేసుకుంటూ, "తర్వాత చెబుదువుగాని" అన్నాడు. ఆ 'తర్వాత' అనేది ఇన్నాళ్ళకి వచ్చింది.

బుధవారం రెండు డిస్కులు పడతాయి, రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి పిన్నిగారింట్లో వదిలేసిన గొడుగు గురించి. రెండోది, ఒక్కసారి సాయంత్రంపూట సముద్రం దాకా వెళ్ళొద్దామని. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆయన తర్వాత చెప్పమన్నవన్నీ బుట్టలో ఉన్నాయి. తేదీల వరస తప్పకుండా వస్తున్నాయి. ఆవిడ బీరువా సర్దినా అలాగే సర్దేది.

ముక్తేశ్వరరావుకి కావలసింది ఆఖరిది. ఆస్పత్రిలో ఆ రోజు పొద్దున రత్నావళి కళ్ళు తెరిచి, "ఏవండీ, ఒక్కమాట" అంది. డాక్టరు రౌండ్సుకి వస్తున్నాడు. "డాక్టరుగారు చూసి వెళ్ళాక చెబుదువుగాని" అన్నాడు ఈయన. డాక్టరు చూసి వెళ్ళాడు. అంతకుముందే ఆవిడ వెళ్ళిపోయింది.

రోజూ విసురుతూ పోతే ఆ మాట దాకా వెళ్ళొచ్చు. భుజం నొప్పికి జండూబామ్ ఉంది. తొందరేమీ లేదు.

గురువారం అసోసియేషన్ సెక్రటరీ తాతాజీ ఒక మనిషిని వెంటబెట్టుకుని వస్తాడు. ఆమె పేరు శేషకుమారి. రాష్ట్ర పోటీలు మహోదయ కాలనీలో పెట్టొచ్చో లేదో చూసి చెప్పడం ఆమె పని. చేతిలో టేపు, చంకలో గొడుగు. ఆమె నీడ కాలనీలోకి రాదు, గేటు దగ్గర రిజిస్టర్లో సంతకం పెట్టి అక్కడే కుర్చీలో కూర్చుంటుంది.

శేషకుమారి కోర్సంతా నడిచి చూసి, బుట్టలన్నీ ఒకే దిక్కున ఎందుకున్నాయని అడుగుతుంది. ఈశాన్యం కదండీ, అంటాడు తాతాజీ. పురోహితుణ్ణి పిలిపించి మరీ పెట్టించామని చెబుతాడు. ఒకే దిక్కుకి విసిరితే ఒకే రకం చెయ్యి గెలుస్తుందని ఆమె అంటుంది. కొన్ని ఎడమకి తిరగాలి, కొన్ని కుడికి. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. ఒకచోట గాలి ఎదురు రావాలి, ఒకచోట తోసుకుపోవాలి. ఒకరి డిస్కు వెళ్ళి ఇంకొకరి నెత్తిన పడకూడదు.

తాతాజీ తల అడ్డంగా ఊపుతాడు. "బుట్టలు కదపడం కుదరదండి. ఈశాన్యాన్నే కాస్త జరుపుదాం."

అసోసియేషన్ మధ్యాహ్నం తీర్మానం చేస్తుంది. శుక్రవారం నుంచి సూర్యుడు వాటర్ ట్యాంకు రోడ్డు వైపు ఉదయిస్తాడు. సగం మంది ఇళ్ళు రాత్రికి రాత్రే వాస్తు తప్పుతాయి. వాళ్ళు వీధిగుమ్మానికి తాళం వేసుకుని వంటింటి కిటికీలోంచి రాకపోకలు సాగిస్తారు. బుట్టలు మాత్రం ఉన్నచోటే ఉండి తలా ఒక దిక్కూ చూస్తాయి. శేషకుమారి బాగుందంటుంది.

ఏడో బుట్ట దగ్గరే ఆమె ఆగిపోతుంది.

"దీన్ని పీకించెయ్యండి" అంటుంది.

"ఎందుకండీ?" అంటాడు ముక్తేశ్వరరావు.

"అడ్డం లేదు, వంపు లేదు. కొత్తగా నేర్చుకున్నవాడూ రెండు విసుర్లే, ఛాంపియనూ రెండు విసుర్లే. ఉన్నా లేకపోయినా ఫలితం మారని బుట్ట పోటీకెందుకండీ?"

"అందులో మా ఆవిడ ఉంది."

శేషకుమారి బుట్టలోకి తొంగిచూసి కాగితం మీద రాసుకుంటుంది. "ఉంటే ఉండనివ్వండి. ఆవిడ వల్ల కష్టం ఏమైనా పెరుగుతుందా?"

ముక్తేశ్వరరావు నిజాయితీగా ఆలోచిస్తాడు. ముప్పై నాలుగేళ్ళూ వెతుకుతాడు.

"లేదండి" అంటాడు. "ఎప్పుడూ పెరగలేదు."

సర్వేయరుగారు కొంచెం సర్దుకోవాలంటాడు తాతాజీ. కావాలంటే పీకిన బుట్టని క్లబ్‌హౌస్‌లో పెడదామనీ, దుమ్ము పడకుండా కొత్త కవరు తొడిగిద్దామనీ చెబుతాడు. కవరు అనగానే ముక్తేశ్వరరావుకి ఇంట్లో సోఫా గుర్తొస్తుంది. చుట్టాలొచ్చినప్పుడు తీద్దామని పన్నెండేళ్ళుగా దాని కవరు తియ్యలేదు. రత్నావళి దినానికి అంతమంది చుట్టాలొచ్చారు. అప్పుడూ తియ్యలేదు.

"ఉంచాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడుగుతాడు.

"దూరం పెట్టండి" అంటుంది శేషకుమారి. "మంచి బుట్ట ఊరికే దగ్గరికి రానివ్వదండీ. ఇటు వస్తావా, అటు వస్తావా అని అడగాలి. జాగ్రత్తపరుడు చుట్టూ తిరిగి మూడు విసుర్లకి చేరాలి. తెగించినవాడికి రెండు. తెగించి తప్పాడో, ఐదు. బాగా విసిరిందెవరో, ఏదో కలిసొచ్చిందెవరికో అక్కడ తేలాలి. సాయంత్రం చూస్తాను."

అంటే, భార్యని దగ్గర ఉంచుకోవాలంటే దూరం పెట్టాలి. ముక్తేశ్వరరావుకి ఇందులో వింతేమీ కనిపించదు. ఇంటికెళ్ళి పాత టేపు తెస్తాడు.

అరుగుని వెనక్కి జరుపుతాడు. ఆయన ఒక అడుగు జరిపితే నేల మర్యాదకొద్దీ పదడుగులు జరుగుతుంది. కుడివైపు పంటకాలువని పిలుస్తాడు. డిపార్టుమెంటులో పాతికేళ్ళ పరిచయం, కాలువ కాదనలేక లాకులు దాటుకుని వచ్చి పడుకుంటుంది. దాంట్లో పడ్డ డిస్కుకి ఒక విసురు శిక్ష. మధ్యలో రెండు కొబ్బరిచెట్లు, మనిషి ఓరగా పట్టేంత సందుతో. బుట్ట వెనక ఏటవాలు, ఆబగా విసిరినవాడి డిస్కు దొర్లిపోవడానికి.

పని ఎంత బాగా కుదురుతుంటే రత్నావళి అంత చిన్నదవుతుంది. సాయంత్రానికి నాలుగు వందల ముప్పై అడుగులు. ఇంత మంచి పని ఆయన సర్వీసులో చెయ్యలేదు.

శేషకుమారి చూసి, కోర్సు మొత్తానికి ఇదే మంచి బుట్టని రాసి సంతకం పెడుతుంది.

మర్నాడు ఉదయం ముక్తేశ్వరరావు తొమ్మిది డిస్కులు విసురుతాడు. నాలుగు కాలువలో పడతాయి. రెండిటిని కొబ్బరిచెట్లు పట్టుకుని తిరిగిస్తాయి. తొమ్మిదోది ఎలాగో గొలుసుల్ని తాకుతుంది. ఏదో మాట వస్తుంది గానీ ఇంత దూరం నుంచి తెలియదు. ఊరికే తాళాల చప్పుడు.

ఆదివారం పోటీలు మొదలవుతాయి. రాష్ట్రం నలుమూలల నుంచి తొంభై మంది వస్తారు. కాలనీవాళ్ళు ముందు వరస కుర్చీల్లో చేతిరుమాళ్ళు వేసి ఇళ్ళకి వెళ్ళి పడుకుంటారు. రుమాళ్ళు ఆట చూస్తూ చప్పట్లు కొడుతుంటాయి.

ముక్తేశ్వరరావుకి అప్పుడు గానీ తను చేసిన తప్పు తెలియదు. ఈ తొంభై మందికి భుజాల నొప్పులు లేవు. వాళ్ళ డిస్కులు వరసగా బుట్టలో పడతాయి. పడ్డప్పుడల్లా రత్నావళి ఒక మాట అంటుంది.

ఆయన బుట్ట పక్కకి వెళ్ళి నిలబడతాడు. అనంతపురం నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడి డిస్కు పడగానే, "పులుసులో ఉప్పు ఎక్కువైందా?" అని వినిపిస్తుంది. ఆ కుర్రాడు డిస్కు తీసుకుంటూ, "సరిపాయె మా, బాగుంది" అంటాడు. మరో ఆటగత్తెని, "ఈ చీర నాకు నప్పిందంటారా?" అని అడుగుతుంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసి, ఎంతో బాగుందని చెబుతుంది. మాటకి పది క్షణాలు పట్టదు. ముక్తేశ్వరరావు లెక్క వేసుకుంటాడు. ముప్పై నాలుగేళ్ళలో ఆయన మిగుల్చుకున్న సమయమంతా కలిపితే ఒక మధ్యాహ్నం కూడా రాదు. మిగిల్చిన ఆ కాస్తా మీటింగుల్లోనే గడిచిపోయింది.

భోజనాల వేళకి రత్నావళికి నలభై ఏళ్ళొస్తాయి. మూడు గంటలకి మోకాళ్ళ నొప్పులు. నాలుగున్నరకి రిపోర్టులు.

ఆయన పరిగెత్తుకెళ్ళి తాతాజీని పట్టుకుంటాడు. తన పేరు కూడా రాయమంటాడు, ఆఖరున. తాతాజీ ఆయన చొక్కాకి తొంభై ఒకటో నంబరు కుడతాడు.

ఐదున్నరకి తొంభయ్యో ఆటగాడు విసురుతాడు. డిస్కు కాలువ మీదుగా వెళ్ళి, ఎడమకి వంపు తిరిగి, గొలుసుల మధ్యలో పడుతుంది.

"ఆస్పత్రికి ఆ పచ్చ ఫ్లాస్కే తెండి. కొత్తది వద్దు, అక్కడ పాడైపోతుంది."

ఇక మిగిలింది ఒక్కటే.

ముక్తేశ్వరరావు అరుగెక్కుతాడు. తొంభై మందీ పక్కకి తప్పుకుంటారు. చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఒకటుంది, కాలువ మీదుగా తెగించే దారి ఒకటుంది. జీవితంలో మొదటిసారి ఆయన కాలువ వైపు తిరుగుతాడు. చెయ్యి వెనక్కి తీస్తాడు. గాలి ఆగుతుంది.

డిస్కు ఇంకా చేతిలోనే ఉంది. అంత దూరం నుంచి, ఎవరూ గొలుసులు తాకకుండానే, చెవి పక్కన అన్నట్టు స్పష్టంగా వినిపిస్తుంది.

"ఏవండీ, ఒక్కమాట."

ముక్తేశ్వరరావు గురి చూస్తున్నాడు. భుజం సరిగ్గా కుదిరింది.

"ఉండు రత్నా, విసిరాక చెబుదువుగాని" అంటాడు.

అనేసి విసురుతాడు.

ఆయన జన్మలో అంత మంచి విసురు లేదు. డిస్కు కొబ్బరిచెట్ల సందులోంచి వెళ్తుంది, కాలువ దాటుతుంది, ఎడమకి వంగుతుంది. సరిగ్గా బుట్ట పైకి వచ్చి, ఇరవై అడుగుల ఎత్తున తిరుగుతూ ఉండిపోతుంది.

అందరూ తలెత్తి చూస్తారు. దీపాలు పెట్టేవేళ అవుతుంది. డిస్కు దిగదు.

ముక్తేశ్వరరావు అరుగు మీద నుంచి కదలడు. "విసిరేశాను కదండీ" అంటాడు శేషకుమారితో. "ఇక చెప్పమనండి."

ఆమె గొడుగు మడుస్తుంది. ఆమె గొంతు మెత్తబడుతుంది, నిబంధన మాత్రం మెత్తబడదు. "డిస్కు ఆగేదాకా విసురు పూర్తయినట్టు కాదండీ."

విసురు పూర్తి కాలేదు కాబట్టి పోటీ పూర్తి కాదు. పోటీ పూర్తి కాలేదు కాబట్టి తొంభై మందీ ఊళ్ళకి వెళ్ళడానికి లేదు. కొన్నాళ్ళు గుడారాల్లో ఉంటారు. తర్వాత ఖాళీ స్థలాల్లో ఇళ్ళు కట్టుకుంటారు. డిస్కు ఎటుంటే అటే ఈశాన్యమని తాతాజీ తీర్మానం చేయిస్తాడు, అందరికీ వాస్తు కుదురుతుంది. అనంతపురం కుర్రాడికి జుట్టు నెరుస్తుంది. డిస్కు నీడ పడేచోట ఆడవాళ్ళు వడియాలు పెట్టరు, అవి ఎన్నాళ్ళకీ ఎండవు.

ముక్తేశ్వరరావు పాదాలు అరుగు సిమెంటులోకి చీలమండల దాకా దిగాయి. విసిరిన చెయ్యి చాచినట్టే ఉంది. నాలుగు వందల ముప్పై అడుగుల అవతల, బుట్టలో ఆ ఒక్కమాట రోజురోజుకీ పెరుగుతోంది. మొదట నిమ్మకాయంత ఉండేది. వానాకాలానికి వెలగకాయంత అయింది. ఇప్పుడు గొలుసులు పక్కకి ఒత్తిగిలి ఒక మనిషికి చోటిచ్చాయి. పచ్చ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని, ఆవిడ తలెత్తి తిరిగే డిస్కునే చూస్తోంది. విసురు పూర్తయ్యేలోపల మాట జారిపోకుండా రెండు చేతులతోనూ నోరు మూసుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి సముద్రం నీళ్ళు కారుతున్నాయి.