గద్దా, నీటి పురుగా?

గాజు సీసాలో నీళ్ళు. నీళ్ళలో తలకిందులుగా నల్లటి పెంకుపురుగు. తోక కొస మాత్రం పైకి ఆనించి... గుక్కెడు గాలి దాచుకుంటోంది.

ఆమె చూస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా చూస్తూనే ఉంది.

పక్క బల్ల దగ్గర ఆమె భర్త. ఒళ్ళో బైనాక్యులర్, కళ్ళు కిటికీ బయట. ఆయనది పక్షుల పరిశోధన. ఆమెది పురుగులది. ఒకే ఆఫీసు, ఒకే ఇల్లు — చూపులే వేరు.

పొద్దున్న పై అధికారి కాగితం ఇచ్చి వెళ్ళాడు. కొత్త రోడ్డు వస్తోంది. దాని దారిలో గద్ద గూడున్న చెట్టు, ఆ పక్కనే ఈ నీటి పురుగులుండే మడుగు. ఏదో ఒకటే మిగులుతుంది.

"రెంటినీ పోల్చి, ఏది ముఖ్యమో సాయంత్రానికి రాసివ్వండి. అయినా పురుగు కోసం రోడ్డాపుతారా మేడమ్ ఎవరైనా?"

పోల్చాలట!

నక్కనీ నాకలోకాన్నీ తక్కెట్లో పెట్టమన్నట్టు.

ఆయన రాయడం మొదలుపెట్టాడు. గద్ద వేటాడుతుంది.

"ఇదీ వేటాడుతుంది," అంది ఆమె. "కప్పపిల్లల్ని."

గద్ద ఎగురుతుంది.

"ఇదీ ఎగురుతుంది."

కలం ఆగింది. "ఎగురుతుందా?"

ఎగురుతుందా...

అన్నం వడ్డిస్తూ చెప్పింది. బస్సులో చెప్పింది. జ్వరంలో కలవరించింది కూడా. గోడకి చెప్పుకున్నా ఈపాటికి పెచ్చులు రాలేవి!

"మడుగు ఎండితే రెక్కలు విప్పి ఇంకో మడుగు వెతుక్కుంటుంది. ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను వినలేదా?"

"విన్నారు. ఊఁ కొట్టారు. ఆకాశం కేసి చూస్తూ."

ఆయన ముఖం వెలిగింది. "అయితే ఇంకేం! మడుగు పోయినా అది బతికేస్తుంది కదా..."

ఆమె నెత్తి కొట్టుకుంది.

"మరి గద్దకి? దానికి లేవా రెక్కలు?"

ఆయన రాసిన కాగితాన్ని అడ్డంగా చింపాడు — మెల్లగా, తన చేతిని తానే నమ్మలేనట్టు.

సాయంత్రం అధికారి వచ్చాడు. "అయిందా?"

"ఇంకో దారి వెతకండి," అన్నాడు ఆయన. "ఈ పోలిక మీద మేమిద్దరం సంతకం పెట్టం."

"అదేంటి సార్! మీరు పక్షుల పక్షం కదా?"

ఆయన తడుముకుంటూ ఆమె వైపు చూశాడు... ఒక మాట అందిస్తుందేమోనని.

ఆమె అందించలేదు.

ఇన్నేళ్ళ కోపం — ఒక్క కాగితం చింపితే పోతుందా?