పంటి గుర్తులు

ఆ ఇంటి తపాలాపెట్టె మూత ఏ రోజూ ఒక్క లాగుకు రాదు. పోస్ట్‌మన్ ఓర్విల్ టాకెట్ దాన్ని మోచేత్తో ఒక పోటు పొడిచి, రెండు ఉత్తరాలూ ఒక రంగుల కాగితమూ లోపలికి తోసి, "నీకింత పొగరెందుకే" అని దాన్ని తిట్టి ముందుకు కదిలాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పెట్టె, అదే పోటు, అదే తిట్టు.

మనిషికి అరవై నిండడానికి ఇంకా రెండేళ్ళుంది. సంచీ మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. మెడ వెనక చర్మం ఎండకు ఎర్రగా కమిలి, ముడతలు పడి ఉంటుంది. లేతనీలం చొక్కా, నల్ల బూట్లు. ఎడమ పిక్క మీద మూడు కుక్కకాట్ల మచ్చలు. ఒహాయో నది ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్ళో అతని పేరు తెలియనివాళ్ళు కూడా ఆ ఒంకర నడకను అల్లంత దూరం నుంచే పోల్చుకుంటారు.

ఒక్క ఉత్తరం కూడా తప్పు ఇంట్లో వేయలేదన్నది అతని గొప్ప. మా ఊళ్ళో అది నిజంగా గొప్పే. రైలు పట్టాలు ఊరిని రెండుగా కోసినప్పుడు మేపుల్ వీధినీ కోశాయి. ఇటుది తూర్పు మేపుల్, అటుది పడమటి మేపుల్. ఏ మహానుభావుడికి తట్టిన ఆలోచనో గానీ ఇంటి నంబర్లు మాత్రం రెండువైపులా ఒకటి నుంచే మొదలవుతాయి. ఓర్విల్‌ది తూర్పు 217. ఒక వీధికి పేరు మార్చండి మహాప్రభో అని మునిసిపాలిటీకి మూడు అర్జీలు పెట్టుకున్నాడు. "పరిశీలనలో ఉంది" అని మూడు జవాబులు వచ్చాయి. ఆ మూడింటినీ తెచ్చి తన పెట్టెలో తనే వేసుకున్నాడు.

పిక్క మీద అన్ని మచ్చలున్నవాడు కుక్కను పెంచుతాడని ఎవరనుకుంటారు? పదకొండేళ్ళ కిందట, వాన కురుస్తుంటే, ఒక పెట్టె కింద తడిసిన అట్టడబ్బా కనిపించింది. ఎవరు పంపారో లేదు, ఎవరికో లేదు. లోపల ఒక ఆడకుక్కపిల్ల వణుకుతోంది. భయపడుతూనే ఇంటికి పట్టుకొచ్చాడు. "చిరునామా లేని పార్సిల్ ఇది. ఏం చేద్దాం?" అన్నాడు భార్య ఓపల్‌తో. "పార్సిల్‌ను విప్పాక వెనక్కి పంపుతారా ఎవరైనా!" అందామె. పేరు అలా కుదిరింది.

అది పెరిగి దూడంతయింది. వెడల్పు దవడ, చారల ఒళ్ళు, చూస్తే గుండె ఆగుతుంది. గుణం మాత్రం వెన్న. ఓపల్‌కు కాన్సర్ వచ్చిన చలికాలం, మందు ఎక్కించుకొచ్చి ఆమె స్నానాలగది నేల మీదే పడి ఉన్న రోజుల్లో, ఓర్విల్ సెలవు దొరక్క వీధుల్లో తిరుగుతుంటే, ఆమె వీపుకు వీపు ఆనించి పడుకున్నది పార్సిలే. ఓపల్ లేచి తిరిగింది. ఆ మేలు ఓర్విల్ ఏ రోజూ మరిచిపోలేదు.

రోజూ సరిగ్గా రెండూ పదికి అతను ఇంటి ముందుకొస్తాడు. పార్సిల్ గేటు దగ్గర కాచుకొని ఉంటుంది. ఒక బిస్కెట్ తిని, ఆనాటి ఉత్తరాన్ని నోట కరుచుకుని లోపలికి పరిగెత్తుతుంది. తడిసిన బిల్లులు చూసి కరెంటు ఆఫీసులో గుమస్తా నవ్వేవాడు: "ఏమ్మా ఓపల్, ఈ నెల కూడా మీ కుక్కే చదివి పంపిందా?"

ఆ రోజు సంచీలో 217 మేపుల్ అని ఒక ఉత్తరం వచ్చింది. దస్తూరీ చూడగానే తెలిసింది, పడమటి 217లో ఉండే టెస్సాకు వాళ్ళక్క రాసింది. దిక్కు రాయడం ఆవిడకు ఏనాడూ గుర్తుండదు. రెండు కావడానికి ఇరవై నిమిషాలుంది కదా అని పట్టాలు దాటి వెళ్ళాడు.

టెస్సా వరండా మెట్టు మీద ముడుచుకుని కూర్చుంది. పెదవి చిట్లింది.

"ఏమైందమ్మా?"

"విడాకులిచ్చినవాడు మళ్ళీ వస్తానన్నాడండీ. పోలీసులకు ఫోన్ చేసి అరగంటైంది, ఒక్కడూ రాలేదు. మీరు... కాసేపు ఉంటారా?"

ఓర్విల్ గడియారం చూసుకున్నాడు. గేటు దగ్గర పార్సిల్ చెవులు నిక్కబొడుచుకుని ఉంటుంది. సంచీ దించి ఆమె పక్కన కూర్చున్నాడు.

రెండూ ఐదుకు ఆకుపచ్చ ట్రక్కు ఒకటి నెమ్మదిగా వచ్చింది. అందులోవాడు వరండాలో యూనిఫాం మనిషిని చూసి, ఆగబోయి, వెళ్ళిపోయాడు. టెస్సా ఓర్విల్ మోచెయ్యి వదల్లేదు.

రెండూ పది దాటింది. "ఏ అడ్రస్ చెప్పావమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి.

"217 మేపుల్ అని."

"పడమర అన్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. పట్టాల అవతల నుంచి రెండు చప్పుళ్ళు వినబడ్డాయి. కలప డిపోలో పలకలు పడేస్తే అలాగే వినబడుతుంది. కానీ ఆ రోజు డిపోకు సెలవు.

కాళ్ళు ఇంటివైపు లాగాయి. అయినా ఓర్విల్ ఫోన్ తీసి, కవరు మీద రాసినట్టు ఒక్కొక్క మాటా పలికాడు: రెండువందల పదిహేడు, పడమటి, మేపుల్ వీధి. నాలుగు నిమిషాల్లో పోలీసు కారొచ్చింది. టెస్సాను వాళ్ళకు అప్పగించాకే కదిలాడు.

పార్సిల్ గేటు లోపల పడి ఉంది. ఓపల్ తన ఉన్నికోటు దాని మీద కప్పింది. పాతికేళ్ళు కూడా లేని పోలీసు ఒకడు తెల్లబోయి నిలబడ్డాడు, తుపాకీ ఇంకా చేతిలోనే ఉంది.

"అది నా మీదికి ఉరికిందమ్మా..."

"పళ్ళు చూశావు గానీ తోక చూశావా?" ఓపల్ గొంతు వీధి చివరిదాకా వినబడింది. "రెండు మేపుల్ వీధులున్నాయని ఊళ్ళో చంటిపిల్లలకు తెలుసు!"

"నిజమే, ఉరుకుతుంది బాబూ," అన్నాడు ఓర్విల్. "రెండూ పదికి యూనిఫాం వేసుకుని వచ్చేవాడి దగ్గర బిస్కెట్ ఉంటుందని దాని నమ్మకం. నేర్పింది నేనే."

కుర్రాడు ఏడ్చాడు. గొయ్యి తాను తవ్వుతానన్నాడు. "నువ్వు దాన్ని ముట్టుకోకు," అంది ఓపల్. ఓర్విల్‌కు కోపం లేదని కాదు. కానీ దాని ఒళ్ళు చల్లారేలోగా ఉన్న కాస్త సమయం కోపానికి ఇవ్వబుద్ధి కాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ వెచ్చని చెవి నిమిరాడు.

"చాలా చేశావే తల్లీ. చాలా."

భార్యాభర్తలిద్దరే తవ్వారు. తర్వాత అతను మిగిలిన పద్నాలుగు ఇళ్ళకూ ఉత్తరాలు వేసొచ్చాడు. "ఇవాళ ఆలస్యమైందే?" అన్నవాళ్ళకు "అవునమ్మా, కొంచెం" అన్నాడు. చివరింటి బొచ్చుకుక్కకు రెండు బిస్కెట్లు పెట్టాడు.

పొద్దు వాలుతుండగా టెస్సా వచ్చింది, గుమ్మంలోనే ఏడుస్తూ. "నా వల్లే..." అనబోతే ఓపల్ ఆమె నోటికి చెయ్యి అడ్డుపెట్టింది. "నువ్వు ప్రాణాలతో మా గుమ్మంలో నిలబడ్డావు. ఇవాళ మాకు దక్కింది అదేనమ్మా. లోపలికి రా, సూప్ తాగుదువు గాని."

ఆమె వెళ్ళాక ఓర్విల్ సంచీ దులిపాడు. అడుగున తమ ఇంటి కరెంటు బిల్లు ఉండిపోయింది. తీసి బల్ల మీద పెట్టాడు. ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. నాలుగు మూలలూ నున్నగా, పొడిగా, ఒక్క పంటి గుర్తు లేకుండా ఉందా కవరు.