ఆఖరి ఖురాకు

కైలాసానికి ఆ పాఠం కంఠతా వచ్చు. పరీక్ష దగ్గరపడుతోందని, బెల్లంపల్లిలో తాను అద్దెకున్న గది ముందు పొద్దున్నే అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లిషులో వల్లె వేస్తున్నాడు. ఏ మందును ఏ మందుతో కలపకూడదో చెప్పే పాఠం. సగంలో నోరు ఆగిపోయింది. నీరసానికిచ్చే విషముష్టి గింజల సారం మందులో నిద్రకిచ్చే బ్రోమైడు పోస్తే, ఆ సారం మెల్లమెల్లగా పలుకులు కట్టి అడుగుకు దిగుతుంది. సీసాలోని విషమంతా ఆఖరి మోతాదులోనే ఉంటుంది. తాగిన మనిషి కొయ్యబారి చస్తాడు.

ఇన్నాళ్లూ నోటితో చదివిన ముక్క అప్పుడు బుర్రకెక్కింది. నాలుగు రోజుల కింద ఇస్తారికి ఆ రెండు మందులూ కలిపి ఇచ్చింది తనే.

కైలాసం హుజూరాబాదు సాలె గట్టయ్య కొడుకు. బడి చదువు ఉర్దూలో మొదలైంది. రాజ్యం మారింది, బడి భాష మారింది, పట్నంలో మందుల కాలేజీకి వెళ్లేసరికి అన్నీ ఇంగ్లిషే. తరగతి నిండా పిల్లలు, మందులు తూచడానికి ఒకటే త్రాసు. వెనక నిలబడి ముందువాళ్ల మెడలు చూడటమే అతను చేసిన ప్రయోగం. అర్థం కాలేదని లేస్తే నవ్వుతారని భయం. బట్టీ పట్టినవాడే అక్కడ మొనగాడు. ఈత పాఠం అప్పజెప్పించుకుని బావిలోకి తోసే చదువు అది, ఇంకేమనాలి?

చదువు పూర్తి కావాలంటే ఏదైనా దవాఖానాలో మందులు కలపడం నేర్చుకుని డాక్టరు సంతకం తెచ్చుకోవాలి. అలా బెల్లంపల్లిలో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర చేరాడు. ఇస్తారి బొగ్గుబావిలో పనివాడు, కైలాసాన్ని వరస కలిపి అల్లుడా అనేవాడు. నీరసానికొక మందు, నిద్రకొక మందు రాసిచ్చి డాక్టరు ఆసిఫాబాదు వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఇస్తారి తెచ్చింది ఒక్కటే.

"రెండు సీసలు యాడ మోసుకతిరుగుదు అల్లుడా? డ్యూటీకి పొయ్యేటోన్ని. ఒక్కదాన్లనే పొయ్యరాదు," అన్నాడు.

కైలాసం అలాగే పోశాడు. కాగితం పట్టీకి ఖురాకుకు, అంటే మోతాదుకు, ఒక గంటు చొప్పున కత్తిరించి, సీసాకు అంటించి, అది ఎంత నీటుగా కుదిరిందో చూసుకుని మురిశాడు కూడా.

ఇప్పుడు చెప్పులైనా తొడుక్కోకుండా ఇస్తారి ఇంటికి పరుగెత్తాడు. ఇస్తారి భార్య శంకరవ్వ వాకిట్లో గిన్నెలు తోముతోంది.

"అత్తా, మందు సీస ఏది?"

"సద్దిమూటల పెట్టుకపోయిండు. ఆఖరి ఖురాకు ఉన్నది, బువ్వ తిన్నంక తాగుతడట. ఏమైంది బిడ్డా, గా చెమటలేంది?"

"ఏం లేదత్తా," అన్నాడు.

బావి దారిలో మనసు అతన్ని పీక్కుతింది. నిజం చెబితే డాక్టరు సంతకం పెట్టడు. మగ్గం మీద వంగిన బాపు నడుము గుర్తొచ్చింది. చెప్పకుండా సీసా మాత్రం రాబట్టుకుంటే చాలదా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇస్తారిని పైకి పిలవమంటే, బావి మొగదల హాజరు వేసే మున్షీ కదల్లేదు. "దిగినోన్ని పైకెందుకు పిలువాలె? ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా?"

"లేదు."

"మరింకేంది? డ్యూటీ అయినంక వస్తడు, కూసో."

చుట్టూ మనుషులు చూస్తున్నారు. లోపల బువ్వ వేళవుతోంది.

"నేను మందు తప్పు కలిపిన! గది తాగితే సస్తడు! పిలువున్రి!" అని అరిచాడు.

మున్షీ మొహం పాలిపోయింది. వెంటనే ఒక మనిషిని లోపలికి ఉరికించాడు.

కైలాసం ఆ చీకటి దారి వైపే చూస్తూ నిలబడ్డాడు. కింద ఎక్కడ దీపం కదిలినా ఇస్తారిని మోసుకొస్తున్నారనిపించింది. వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకున్నాడు.

చివరికి ఇస్తారి తన కాళ్ల మీద తానే నడిచి పైకొచ్చాడు. ఒళ్లంతా బొగ్గు, చేతిలో సీసా. కైలాసం దాన్ని లాక్కుని ఎండకు ఎత్తి చూశాడు. పైన తేట, అడుగున ఉప్పు పలుకుల్లా తెల్లగా పేరుకుంది.

"ఊపి తాగలేదా మామా?"

"ఊపుడేంది? కసాయమైతె తేర్చుకొనే తాగుతం గద. పైపైన తాగిన. బలమంత అడుగుల ఉంటదని ఆఖరుకు దాసుకున్న. మూత తీసిన, అంతల్నే మనిషొచ్చి చెయ్యి పట్టుకున్నడు."

కైలాసం మందును బొగ్గుపొడిలో ఒంపి అక్కడే కూలబడ్డాడు. "ఊపుమని నేను చెప్పలే మామా. అసలు కలుపనే వద్దు. నాకు తెల్వలే," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. ఇస్తారి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ చెయ్యకు అల్లుడా. పాణం పోలే గద. నీరసం మాత్రం తగ్గలే. రేపొస్త, నువ్వే కలిపియ్యి."

పొద్దున్నుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఆ మాటకు పుట్టిన భయం ఒక ఎత్తు. కైలాసం తన చేతుల వైపు చూసుకున్నాడు.

"డాక్టర్ సాబుకు అంత చెప్త మామా. ఆయన ఉండనిస్తే కలుపుత," అన్నాడు. "రెండు సీసలు తెచ్చుకో."