ఆరో చెట్టు మీది సాక్షి

కాటమయ్య పదో తాటిచెట్టు మీద ఉండగా బారెడు పొద్దెక్కింది. నడుము చుట్టూ మోకు తాడు, పాదాలకు గుజి బంధం. గీసకత్తిని కల్లు కారే గెల కొనకు ఆనించి ఒక పొర తీశాడు. ఒక పూట గీయకపోతే గెల మొద్దుబారుతుంది. రెండు మూడుసార్లు మొద్దుబారితే ఎండిపోతుంది. ఇక ఆ ఏడు ఆ చెట్టుకు కల్లు ఉండదు. సాక్ష్యం చెప్పడానికి ఇప్పటికే నాలుగుసార్లు జనగామ కోర్టుకు పోయాడు. నాలుగుసార్లూ వాయిదా పడింది. పన్నెండు చెట్లలో రెండు అట్లా ఎండాయి.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. పదిహేడో ఏట మోకు పట్టాడు. ఛాతీ మీద, మోచేతుల లోపల కాయలు కాశాయి. ఎడమ మోకాలు వంచినప్పుడల్లా చప్పుడు చేస్తుంది. ఈ మధ్య ఎక్కడం కంటే దిగడం కష్టమవుతోంది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

కల్లు తెచ్చి, అమ్మే మండువలో భార్య యాకమ్మకు అప్పజెప్పి, చొక్కా తొడుక్కున్నాడు. తాగడానికి వచ్చిన భిక్షపతి ఎగాదిగా చూశాడు.

"ఏందే కాటమన్నా, జడ్జిసారు పిల్లనిస్తుండా? ఇస్త్రీ అంగి తొడిగినవ్!"

"ఇస్తే నీకే జేస్త తియ్. నువ్వు జర తాగుడు తగ్గియ్యి."

"ఇది అయిదోసారి," అన్నది యాకమ్మ. "ఎవలి కొరకయ్యా గీ తిరుగుడు?"

"సూసిన గద," అన్నాడు కాటమయ్య.

రెండేళ్ల కింద ఎండాకాలం మొదట్లో, తండాకు పోతున్న మాన్‌సింగ్ మోపెడ్‌ను ఇసుక ట్రాక్టర్ గుద్దింది. మాన్‌సింగ్ అక్కడికక్కడే పోయాడు. అతని భార్య మోతీబాయి పరిహారం కోసం కేసు వేసింది. మాన్‌సింగే పక్క తప్పి ఎదురొచ్చాడని బీమా కంపెనీ అంటోంది. తప్పు ఇద్దరిదీ అని కోర్టు నమ్మితే పరిహారం సగానికి తెగుతుంది. నలుగురు పిల్లలున్న ఇల్లు. ప్రమాదాన్ని చూసినవాడు కాటమయ్య ఒక్కడే. అదీ చెట్టు మీద నుంచి.

కోర్టు వరండాలో మోతీబాయి గోడకు ఆనుకొని కూర్చుంది.

"అన్నా, ఇయ్యాలన్న పిలుస్తరా?"

"పిలుస్తరు చెల్లె. పిలవకుంటే నేనే పోయి బోనుల నిలవడత."

ఆమె నవ్వింది. పొద్దున్నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. ఆమె వకీలు జైపాల్ రెండుసార్లు వచ్చి ఒకటే చెప్పిపోయాడు: అడిగినదానికే జవాబు చెప్పు, ఎక్కువ మాట్లాడకు.

మూడున్నరకు పిలిచారు. జైపాల్ అడిగినవి అయిదు నిమిషాల్లో అయిపోయాయి. ట్రాక్టర్ కుడిపక్కకు వచ్చి మోపెడ్‌ను గుద్దిందని కాటమయ్య చెప్పాడు. తర్వాత కంపెనీ వకీలు లేచాడు.

"ప్రమాదం ఎన్నింటికి జరిగింది?"

"ఆరో చెట్టు మీదున్న సారు."

"గంటలు అడుగుతున్నాను."

"గడియారం కట్టుకొని చెట్టెక్కం సారు."

వెనక ఎవరో నవ్వారు. బంట్రోతు అటు చూశాడు.

"ఆ రోజు కల్లు తాగావా?"

"తాగిన."

జైపాల్ తల దించుకున్నాడు.

"ఎన్ని చెట్ల కల్లు?"

"అయిదు చెట్లయి. ఆరోది అప్పుడే దించుతున్న."

"ఇక ప్రశ్నలు లేవు," అని కంపెనీ వకీలు కూర్చున్నాడు.

ఏం తప్పు చెప్పానో కాటమయ్యకు అర్థం కాలేదు. జైపాల్ మొహం చూస్తే తప్పేనని తెలుస్తోంది. జడ్జి కలం కింద పెట్టాడు.

"తాగడమంటే ఎంత?"

"చెట్టుకొక గుక్క సారు. పులిసిందో లేదో సూడకుంట మందికెట్ల పోస్తం?"

"మైకం రాదా?"

"మైకమొస్తే మోకు మీద నిలవడతమా సారు? నలభై యేండ్ల సంది ఎక్కుతున్న."

"సాయంత్రం మొదటి చెట్టు ఎప్పుడు ఎక్కుతావు?"

"బడి ఇడిసినంక."

బడి నాలుగుంబావుకు విడుస్తారని జైపాల్ లేచి చెప్పాడు. అభ్యంతరమేమైనా ఉందా అని జడ్జి కంపెనీ వకీలును అడిగాడు. లేదన్నాడతను.

"ఒక్కో చెట్టుకు ఎంతసేపు?"

కాటమయ్య ఆలోచించాడు. "ఒక చుట్ట కాలెంతసేపు సారు. ఇరవై నిమిషాలని మా పిల్లగాడు అంటడు."

జడ్జి కాగితం అంచున లెక్క వేసుకున్నాడు. అయిదు చెట్లు దిగేసరికి ఆరుకు అయిదు తక్కువ. పోలీసు కాగితంలో ఆరు అని ఉంది. సాక్షి మాటలను చెప్పింది చెప్పినట్టు రాయించాడు. కాటమయ్య సంతకం చేశాడు.

బస్సు దిగేసరికి ఆరు దాటింది. యాకమ్మ తాటివనం దాకా వెంట వచ్చింది.

"పొద్దుగూకింది. రేపు గీయరాదు?"

"పొద్దటి సంది గెలలట్లనే ఉన్నయ్. కనవడ్డన్ని గీస్త. నువ్వు నడువు, బువ్వ వండు."

రెండు చెట్లు గీశాడు. మూడోదీ గీశాడు. దిగుతుంటే పడిపోయాడు. భిక్షపతి చప్పుడు విని వచ్చేసరికి ఊపిరి లేదు.

మూడు వారాలకు వాదనలు జరిగాయి. కంపెనీ వకీలు లేచి, మైకముంటే చెట్టు మీద నిలబడలేనన్న సాక్షి, సాక్ష్యం చెప్పిన సాయంత్రమే చెట్టు మీద నుంచి పడి చనిపోయాడన్నాడు.

"అది రికార్డులో ఉందా?" అడిగాడు జడ్జి.

"లేదు."

"రికార్డులో ఉన్నది వాదించండి."

మరో వారానికి తీర్పు వచ్చింది. సాక్షి కాటమయ్య చెట్ల లెక్కతో చెప్పిన సమయం కాగితాలతో సరిపోతోంది. అతను కల్లు రుచి చూసిన సంగతి దాచలేదు. ఆ మాట నిజం చెప్పినవాడు తక్కినది అబద్ధం చెప్పాడనడానికి కారణం లేదు. తప్పు మొత్తం ట్రాక్టర్‌ది. మాన్‌సింగ్ తప్పేమీ లేదు.

మోతీబాయి తండాకు పోకుండా కాటమయ్య ఊళ్లో బస్సు దిగింది. యాకమ్మ ఇంటి ముందు చింతపండు పిసుకుతోంది.

"వదినే, అన్న మాట నమ్మిండ్రు."

యాకమ్మ చేతులు కడుక్కుంది. ఆ మాటే మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. తర్వాత ఇద్దరూ వనానికి నడిచారు. కాటమయ్య చెట్లలో తొమ్మిదింటిని కల్లుగీత సంఘం వేరేవాళ్లకు పంచింది. అతను పడిపోయిన ఆ ఒక్క చెట్టును మాత్రం ఎవరూ ఎక్కలేదు.

మోతీబాయి తల పైకెత్తింది. ఎండిన గెల కొనకు, ఆ సాయంత్రం అతను కట్టిన కల్లు లొట్టి వేలాడుతోంది.